అప్‌డేట్: కావలిలో టైగర్ ట్యాంకు కదిలింది, రంగు గొడవా తేలింది

గత నెల నేను అడిగింది ఇది: రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ట్యాంకు టైగర్-1కు నమూనా అయిన నా 1/16 స్కేలు రిమోట్ కంట్రోల్ బొమ్మకు బూడిద రంగు వేయాలా, పసుపు వేయాలా? వేసిన రంగు తెల్లగా పాలిపోతోంది, ట్రాక్ (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా) ఊడిపోతోంది, ఎందుకు?

రంగు విషయంలో తప్పు నాదే. ఒళ్లంతా జిమ్మెరిట్ గీతలు తీర్చి, పైన బూడిద రంగు పూశాను. అయస్కాంత మందుపాతరలు అతుక్కోకుండా పూసే ఆ ముద్ద 1943 ద్వితీయార్ధంలో గానీ రాలేదు. బూడిద రంగు స్థానంలో ముదురు పసుపు ఆ ఏడాది ఫిబ్రవరిలోనే మొదలైంది. అంటే నాది చరిత్రలో లేని ట్యాంకు! గీతలు చెరపడానికి మాత్రం మనసు రాలేదు. ఎపాక్సీ పుట్టీని విరిగిన దువ్వెన పళ్లతో గీస్తూ మూడు రాత్రులు కూర్చున్నాను మరి. మా అత్తగారు చూసి, "అట్టు మీద అట్లకాడ గీతల్లా ఉన్నాయి నాయనా" అన్నారు. రంగే మార్చాను.

పాలిపోవడానికి కారణం ముసురు. లాకర్ రంగులోని థిన్నర్ ఆవిరవుతూ పైభాగాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ పేరుకుంటుంది. ఎండ కాసిన రోజు చూసి, నెమ్మదిగా ఆరే థిన్నర్‌తో పలచగా మూడు పూతలు వేశాను. మచ్చ లేదు.

ట్రాక్ బాగా బిగించమన్న ఒక సలహా విని గేరు పళ్లు అరగదీసుకున్నాను. అసలు టైగర్‌కు రిటర్న్ రోలర్లే (ట్రాక్ పైభాగాన్ని మోసే చిన్న చక్రాలు) లేవు. ట్రాక్ పైభాగం పెద్ద చక్రాల మీదే వదులుగా వాలి ఉంటుంది. నా బండిలో ట్రాక్ ఊడింది ముందు స్ప్రాకెట్ (ట్రాక్‌ను తిప్పే పళ్ల చక్రం) రవ్వంత వంకరగా ఉన్నందుకు. ఒక్క వాషర్‌తో సరిపోయింది.

తుమ్మలపెంట బీచ్ ఇసుకలో నడపాలని మా అబ్బాయి పట్టు. ఉప్పు ఇసుక గేరుబాక్సులో పడితే ఇక అంతే సంగతులు. ప్రస్తుతానికి మేడ మీదే తిప్పుతున్నాం.