పాత మిద్దెలో మ్యూజియం: ఉంచాలా, మార్చాలా?

మెట్లదారి: మా జిల్లా మ్యూజియం వందేళ్లు దాటిన మిద్దెలో ఉంది. పోయిన నెల అమ్మను తీసుకెళ్లాను. చెక్కమెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పితో నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోయింది. చూడాల్సినవన్నీ పైనే. పాత కట్టడం కాబట్టి లిఫ్ట్ పెట్టలేరట. కొత్త భవనానికి మార్చమని అర్జీ పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?

గానుగసున్నం: వద్దండి. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో సాలార్‌జంగుల పాత మహలు దివాన్ దేవిడీలోనే మొదలైంది. 1968లో ఇప్పుడున్న భవనానికి మార్చారు. తర్వాత దేవిడీ ఏమైంది? మహలు పోయి దుకాణాలొచ్చాయి, గేట్లు మిగిలాయి. ఖాళీ చేసిన మిద్దెను ఎవరు చూసుకుంటారు?

మెట్లదారి: వస్తువులు భద్రంగానే ఉన్నాయి కదా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పాత భవనాలకూ వర్తిస్తుంది.

వేపచెట్టు: ముఖ్యమైనవి కింది గదిలోకి దించితే సరిపోదా?

గానుగసున్నం: కింద చెమ్మ ఉంటుందండి. సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ బయటికి వదులుతుంది. దానికి సిమెంటు పూస్తే చెమ్మంతా లోపలే ఉండిపోతుంది. మా తాతల ఇంటికి అలాగే పూయించారు, నేను వద్దని మొత్తుకున్నా వినలేదు. మూడు వానాకాలాలకే పూత పెచ్చులుపెచ్చులుగా ఊడింది. రిపేరంటే అందరికీ సిమెంటే గుర్తొస్తుంది. ముందు మీ మిద్దెకు ఏం పూశారో చూడండి.

మెట్లదారి: గోడల సంగతి ఎవరడిగారండీ! ఆ పై గదిలో ఉన్నది మా తాతగారి తాళపత్రాల కట్ట. అమ్మే స్వయంగా ఇచ్చింది. చిల్లుల్లోంచి దూర్చిన ఎర్రదారం కూడా ఆవిడ కట్టిందే. చీటీ మీద 'తాళపత్రాలు' అని ఒక్క ముక్క రాశారు. ఎవరివో, ఎవరిచ్చారో లేదు. పైగా కిటికీ ఎండ నేరుగా అద్దం మీద పడుతోంది. కిందికొచ్చి అమ్మకు ఏం చెప్పాలో తోచలేదు.

వేపచెట్టు: అయ్యో. అలాంటి వాటి మీద వెలుతురు 50 లక్స్ దాటకూడదంటారు. ఎండ అసలు పడకూడదు.

గానుగసున్నం: ఈ మాట మొదటే చెప్పాల్సింది. అయితే మీ గొడవ మిద్దెతో కాదు. కొత్త భవనంలోనూ అదే చీటీ పెడతారు. ఇచ్చినవారి పేరు రిజిస్టర్‌లో ఉండాలి, వస్తువు నంబరు చెప్పి అడగండి. రసీదు ఉందా?

మెట్లదారి: ఉంది, అమ్మ ట్రంకుపెట్టెలో. రేపే రాసి అడుగుతాను. కానీ పేరు రాసినా, అది ఆవిడ చూడాలంటే ఆ మెట్లే ఎక్కాలి కదండీ.