మెయిజీ జపాన్ (మెయిజీ చక్రవర్తి కాలం, 1868–1912) కొరియా మీద ఎందుకు పడింది? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. ఇంటర్ పిల్లలకు చరిత్ర చెబుతాను. మొన్న క్లాసులో ఒకమ్మాయి, "తాము పడ్డ అవమానాన్నే ఇంకొకళ్లకు ఎలా చేయగలిగారు సార్?" అని అడిగింది. నా జవాబు నాకే తృప్తిగా అనిపించలేదు.

1853లో అమెరికా నౌకాదళాధికారి పెర్రీ నాలుగు యుద్ధనౌకలతో ఎదో (నేటి టోక్యో) అఖాతంలోకి వచ్చి జపాన్ తలుపులు తెరిపించాడు. పాశ్చాత్య దేశాలతో కుదిరిన 1858 ఒప్పందాల ప్రకారం జపాన్ గడ్డ మీద తప్పు చేసిన విదేశీయుణ్ణి జపాన్ కోర్టు విచారించకూడదు. సుంకాలు పెంచుకునే హక్కూ పోయింది. ఇది వాళ్లకు ఎంత మంటగా ఉండేదో! అయినా 1876లో కొరియాతో కుదుర్చుకున్న గాంగ్వా ఒప్పందంలో, తమవాళ్లను కొరియా కోర్టు విచారించకూడదని అదే షరతు పెట్టారు. ముందు ఏడాది అక్కడికి యుద్ధనౌకను కూడా పంపారు, అచ్చం పెర్రీలాగే. నన్ను తొలిచేస్తున్నది ఇదే.

తర్వాత 1895లో తైవాన్, 1910లో కొరియా విలీనం.

మార్కెట్ల కోసమే అంటే పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు. రష్యాతో యుద్ధానికి (1904–05) లండన్, న్యూయార్క్‌లలో అప్పు తెచ్చుకున్న దేశం అది, బయట పెట్టుబడి పెట్టేంత మిగులు డబ్బు ఉన్న దేశం కాదు. 1890లో ప్రధాని యమగత పార్లమెంటులో, సరిహద్దు ఒక్కటే కాదు, దాని అవతలి "ప్రయోజన రేఖ"ను (తమ భద్రతకు కీలకమైన పొరుగు ప్రాంతాన్ని, ముఖ్యంగా కొరియాను) కూడా కాపాడుకోవాలన్నాడు. అంటే అసలు కారణం రష్యా భయమా? లేక పాశ్చాత్యులతో సమాన హోదా కోసం తపనా?

ఈ కాలం బాగా చదివినవాళ్లు దయచేసి వివరించండి. ముఖ్యంగా కొరియా వాళ్ల వైపు నుంచి రాసిన పుస్తకాలు, తెలుగులో ఉంటే మరీ మంచిది, చెప్పగలరా? సోమవారం ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పాలి.