పాత కథా గేములు: ఒరిజినలే ఆడాలా, రీమేక్ సరిపోతుందా?

సంధ్యారాగం:
2002 నాటి మాఫియా గేమ్ ఈమధ్య మళ్లీ ఆడాను. కథానాయకుడు టామీ ట్యాక్సీ నడుపుకునే రోజుల నుంచి ముఠాలో కూరుకుపోయేదాకా కథ పట్టు ఇప్పటికీ సడలలేదు. కానీ ఆ కారు రేసు మిషన్! ఒక్క మలుపులో జారితే చాలు, మళ్లీ మొదటికి. అదే గేమ్‌ని కొత్తగా మళ్లీ తయారుచేసిన 2020 రీమేక్‌లో తేలిక మోడ్ పెట్టుకుంటే ఆ గొడవే లేదు. అందుకే అడుగుతున్నా, కొత్తవాళ్లని ఇంకా పాతదానికి పంపడం న్యాయమేనా?

దీపస్తంభం:
రేసు సంగతి ఒప్పుకుంటాను. దాన్ని పట్టుకుని అన్నిటికీ ఒకే తీర్పంటే ఒప్పుకోను. భయపెట్టే గేమ్ సైలెంట్ హిల్ 2 (2001) తీసుకోండి. అందులో మనం నడిపే జేమ్స్ సైనికుడు కాదు, మామూలు మనిషి. చెక్క ఎత్తి కొట్టడానికి అతను తడబడుతుంటే మనకి భయం వేస్తుంది. అందులో ఏంజెలా అనే అమ్మాయి దగ్గర తీసుకున్న కత్తి ఉంటుంది. దాంతో పోరాడలేం, తీసి చూడగలం అంతే. మాటిమాటికీ దాన్ని చూస్తూ, దెబ్బలు తగిలినా మందు వాడకుండా తిరిగితే గేమ్ అదంతా గమనిస్తుంది. గేమ్‌కున్న పలు ముగింపుల్లో ‘ఇన్ వాటర్’ అనే విషాదాంతం వైపు కథ మొగ్గుతుంది. ఆ లెక్క తెర మీద ఎక్కడా కనపడదు. ఇంత నమ్మకంగా ఆటగాడిని చదివిన గేములు నాకు ఇప్పటికీ అరుదుగానే దొరుకుతున్నాయి.

అదే గేమ్ 2012లో బొమ్మ స్పష్టత పెంచి హెచ్‌డీ కలెక్షన్‌గా వచ్చినప్పుడు ఏమైంది? పొగమంచు పలచబడి, పడవ ప్రయాణంలో సరస్సు నీళ్లు ఎక్కడ తెగిపోయాయో బయటపడింది. మెరుగులు దిద్దడమంటే అదా?

గాలివాటు:
గ్రిమ్ ఫాండాంగో (1998) మాటేంటి మరి? కథానాయకుడు మ్యానీని ఉన్నచోటే ట్యాంకులా తిప్పి నడిపిస్తూ గోడలకి గుద్దుకోవడం వల్ల కథకి ఒరిగిందేమీ లేదు. పాత గేమ్‌కే మెరుగులు దిద్దిన 2015 రీమాస్టర్‌లో మౌస్‌తో ఆడొచ్చు, కథలో ఒక్క ముక్కా పోలేదు.

దీపస్తంభం:
అక్కడ మీదే రైటు. ఇబ్బంది పాత్రలోంచి పుట్టిందా, ఉత్త కంట్రోళ్ల లోపమా అన్నది గేమ్ గేమ్‌కీ చూసుకోవాల్సిందే.

సంధ్యారాగం గారూ, ఇంకో మాట. 2017లో గాగ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో మళ్లీ అమ్మకానికి పెట్టిన పాత మాఫియాలో బయటివాళ్ల దగ్గర హక్కులు తీసుకుని వాడిన లైసెన్సు పాటలు తీసేశారు. 1930ల నగరంలో ఆ జాజ్ లేకుండా కారు నడపడం వేరే అనుభవం. ఎవరినైనా పాతదానికి పంపితే, ఏ కాపీయో కూడా చెప్పి పంపండి.