అమెరికా అంతర్యుద్ధ సైనికుడి సమాధి వెతకడం ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పండి

రాపహానక్ తీరం: మా పక్కింటి పెద్దావిడకు ఎనభై దాటాయి. ఆవిడ ముత్తాత తమ్ముడు ఉత్తరాది సైన్యంలో ఉండి, 1862 డిసెంబరులో వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ పోరులో పోయాడని ఇంట్లో చెప్పుకునేవారట. మొన్న ఆవిడను అక్కడి మేరీస్ హైట్స్ గుట్ట మీది జాతీయ శ్మశానవాటికకు తీసుకెళ్లాను. అక్కడ 15 వేల మందికి పైగా ఉన్నారు. పేరు తెలిసినవారు ఐదింట ఒక వంతు కూడా లేరు. మిగతా చోట్ల చిన్న చదరపు రాళ్లు, వాటి మీద రెండు అంకెలు: పైది గుంట సంఖ్య, కిందిది అందులో ఎందరున్నారో తెలిపేది. ఒక రాయి మీద కింద 6 అని ఉంది. ఆవిడ వంగి, ఆ అంకె మీది నాచును వేలితో తుడిచి, "వీళ్లలో ఉన్నాడేమో" అన్నారు. ఇల్లు చేరేవరకూ మళ్లీ మాట్లాడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత కాగితాలు: ముందు పేరు కాదండీ, రెజిమెంట్, అంటే ఆయన ఉన్న సైనిక దళం, పట్టుకోండి. ఒకే పేరును మూడు రకాలుగా రాసిన రోజులవి. తర్వాత, ఆయన పోరులోనే పోయాడా, ఆసుపత్రిలోనా అన్నది తేల్చుకోండి. ఫ్రెడరిక్స్‌బర్గ్ క్షతగాత్రులను చాలామందిని ఆక్వియా రేవు మీదుగా వాషింగ్టన్‌కు తరలించారు. అక్కడ కన్నుమూసినవారిని సోల్జర్స్ హోమ్ శ్మశానవాటికలో పూడ్చేవారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటిక మొదలైంది 1864లో, అప్పటికింకా లేదు. నేను ఒక మిత్రుడి పూర్వీకుడి కోసం రెండేళ్లు యుద్ధభూమి చుట్టూనే తిరిగాను. ఆయన జ్వరంతో ఆసుపత్రిలో పోయాడని తల్లి పింఛను దస్త్రంలో తోటి సైనికుడి వాంగ్మూలం ఉంది. ఆ దస్త్రాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో దొరుకుతాయి, తప్పకుండా చూడండి.

రిచ్‌మండ్ వాసి: దక్షిణాది సైనికులైతే దారి వేరు. యుద్ధం ముగిశాక ప్రభుత్వం వెలికితీసి జాతీయ వాటికలకు చేర్చింది ఉత్తరాది వారిని. గెటిస్‌బర్గ్‌లో పోరులో చనిపోయిన దక్షిణాది వారిని 1872, 73లలో మా ఊరి మహిళలే పూనుకొని హాలీవుడ్ శ్మశానవాటికకు తెప్పించారు.

జార్జియా నుంచి: ఖైదీగా పోయిన ఉత్తరాది వారికైతే, దక్షిణాది వాళ్లు నడిపిన ఖైదు శిబిరం ఆండర్సన్‌విల్ చూడాలి. దాదాపు 13 వేల మంది అక్కడే పోయారు. మృతుల పట్టీ రాసే పనిలో పెట్టిన డోరెన్స్ ఆట్‌వాటర్ అనే కుర్ర ఖైదీ రహస్యంగా ఇంకో ప్రతి రాసుకున్నాడు. దాని పుణ్యమే, పేరు లేని సమాధులు అక్కడ 500 లోపే. రాళ్లు ఒకదానికొకటి ఆనుకున్నట్టే ఉంటాయి, అంత ఇరుకుగా పూడ్చారు.

రాపహానక్ తీరం: రెజిమెంట్ పట్టీ దొరికింది! పేరు పక్కన "గాయాలతో, వాషింగ్టన్, డిసెంబరు 24" అని ఉంది. ఆవిడకు చదివి వినిపించాను. తేదీ ఇంకోసారి చదవమన్నారు. శనివారం సోల్జర్స్ హోమ్‌కు వెళ్తున్నాం.