స్టేషన్‌లో నడిచేది గద్దింపా, మర్యాదా?

కొత్త_ఖాకీ:
అన్నలూ అక్కలూ, సివిల్ కానిస్టేబుల్ ట్రైనింగ్ అయిపోవచ్చింది, పాసింగ్ అవుట్ పరేడ్ అవగానే స్టేషన్ పోస్టింగ్. పరుగు, పరేడ్, ఫైరింగ్ అంటే టెన్షన్ లేదు. ఫిర్యాదుకు వచ్చినవాళ్లతో మర్యాదగా మాట్లాడమని క్లాసులో చెప్తున్నారు. మా ఊరి సీనియర్ ఒకాయనేమో "మొదటిరోజే గొంతు పెంచకపోతే నిన్నెవడూ లెక్కచెయ్యడు, రెండు తగిలిస్తేనే దొంగ నిజం కక్కుతాడు" అంటాడు. అసలు స్టేషన్‌లో పనికొచ్చేది ఏది?

పాత_రైటర్:
తమ్ముడూ, నేను చాలా ఏళ్లు స్టేషన్ రైటర్‌గా, అంటే రికార్డులు రాసేవాడిగా, చేశాను. గొంతు పెంచడం ఎవరికైనా వచ్చు, దానికి ట్రైనింగ్ ఎందుకు? రాత్రిపూట గొలుసు లాక్కెళ్లారని ఒకావిడ వణుకుతూ వస్తే ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెప్పుకోనివ్వు. మధ్యలో ఆపి "ఎన్ని తులాలు, రసీదుందా" అని మొదలుపెట్టావనుకో, బండి రంగు, వెనకున్నోడి చొక్కా, ఎటు మళ్లారన్నది, అన్నీ మర్చిపోతుంది. నాకాబందీకి, అంటే దారులు మూసి బండ్లు ఆపి వెతకడానికి, కావాల్సినవి అవే. మా పరిధి కాదు పక్క స్టేషన్‌కి పొమ్మనడం కూడా అలవాటు చేసుకోకు, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ (సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 173లోనే ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. దానికి టీ ఖర్చులు అడిగేవాళ్ల దగ్గర పని నేర్చుకోకు.

నల్లకోటు:
నేను నిందితుల తరఫున వాదిస్తాను. మీ సీనియర్ లాంటివాళ్లు ఉన్నంతకాలం మాకు ఢోకా లేదు. పోలీసుల ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు, పాత ఎవిడెన్స్ యాక్ట్ 25 ప్రకారమూ అంతే, 2024 జులై 1న వచ్చిన కొత్త సాక్ష్య చట్టం 23 ప్రకారమూ అంతే. నిందితుడు చెప్పినదాన్నిబట్టి వస్తువు దొరికితే ఆ మేరకే పనికొస్తుంది. తీరా ఆ రికవరీ దగ్గరే కేసు పోతుంది: పంచనామాలో ఒక టైమ్, జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) ఇంకో టైమ్, ఏ కేసు చూసినా పంచులు (పంచనామా సాక్షులు) ఆ ఇద్దరే. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ పంచు "సంతకం పెట్టమన్నారు, పెట్టాను" అన్నాడంటే ఇంకేముంది! ఇప్పుడు సోదా, స్వాధీనం వీడియో తీయాలి (బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 105), వస్తువు దొరికాక ఫోన్ ఆన్ చేస్తే మా పని సగం మీరే చేసిపెట్టినట్టు.

బందోబస్తు_అక్క:
ఇద్దరూ చెప్పింది నిజమే గానీ నిమజ్జనం బందోబస్తులో రాత్రంతా నిలబడి, తెల్లారి కోర్టు డ్యూటీకి వెళ్లేవాడికి మర్యాదగా మాట్లాడే ఓపిక ఎక్కడిది? అది ఎవరూ రాయరు. సరే, డీజే దగ్గర రెండు గుంపులు కలబడితే ఒక్కడివే మధ్యలో దూరకు తమ్ముడూ. ఇంకొకరు వచ్చేదాకా ఆగు. ఎక్కువ అరిచేవాణ్ణి వదిలేసి, వాడు ఎవరి మాట వింటాడో ఆ పెద్దమనిషిని పట్టుకుని వాణ్ణి పక్కకు తీయించు. చేతిలో లాఠీ ఉంది కదా అని తిప్పకు. గుంపును చెదిరిపొమ్మని ఆర్డరివ్వాల్సింది ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి), ఆయన లేకపోతే కనీసం ఎస్సై. కానీ ఫోన్ వీడియోల్లో కనిపించేది నువ్వే, మెమో వచ్చేదీ నీకే.

కొత్త_ఖాకీ:
థాంక్స్ అక్కా. ఇంకో డౌట్, సాక్షి ముసలాయన అయితే స్టేషన్‌కి పిలిపించొచ్చా?

పాత_రైటర్:
అరవై దాటితే రమ్మని ఒత్తిడి చెయ్యకూడదు, ఇంటికెళ్లే రాసుకోవాలి. ఆడవాళ్లకూ అంతే, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 179 చూడు. ఆయనే వస్తానంటే అది వేరు. స్టేట్‌మెంట్ కింద సంతకం మాత్రం తీసుకోవద్దు, కొత్తవాళ్లు ఇక్కడే దొరికిపోతారు.