ఇటాలియన్‌లో "సాయం చెయ్యనా?" అని పెద్దవాళ్లను ఎలా అడగాలి?

బ్రాడీపేట, గుంటూరు:
అక్క ముసలివాళ్లను చూసుకునే పనికి ఇటలీ వెళ్తోంది. యాప్‌లో "పోస్సో అయుతార్తి?" అని నేర్చుకుంది. ఎనభయ్యేళ్లావిడతో అలా అనొచ్చా? సంచీ మోయడం, లేవదీయడం లాంటివాటికి ఏమనాలి?

కృష్ణలంక:
అనకూడదండీ. చివర "తి" అంటే "నువ్వు". పెద్దావిడతో "పోస్సో అయుతార్లా?" అనాలి. మగవాళ్లతోనూ "లా" నే, గౌరవానికి వాళ్లు "ఆమె" రూపమే వాడతారు.

మనవాళ్లు తప్పు చేసేది ఇక్కడ: "లా అయూతో?" సరైనది, "లే అయూతో?" తప్పు. కానీ "చెయ్యి వెయ్యనా?" అనడానికి "లే దో ఊనా మానో?" అనాలి. ఆ భాషలో ఒకరి"ని" సాయపడతారు, ఒకరి"కి" చెయ్యి ఇస్తారు. తెలుగులో రెండింటికీ "మీకు" సరిపోతుంది కాబట్టే ఈ తికమక.

అరండల్‌పేట:
అసలు అన్నిసార్లూ అడగక్కర్లేదు, చేస్తానని చెప్పేస్తే చాలు. "పోర్తో ఈయో" అంటే "నేను మోస్తాలెండి". ఇంగ్లీషు "విల్" తలుచుకుని "పోర్తెరో" అనొద్దు, అప్పటికప్పుడు చేసే పనికి వర్తమానకాలమే. మన "మోస్తాను" కూడా రెండు కాలాలకీ పనికొచ్చేదే కదా! "ఈయో" వెనక రావాలి, అదే మన "నేనే"లోని "ఏ". "ఫాచ్చో ఈయో" (నేను చేస్తా), "చి పెన్సో ఈయో" (నేను చూసుకుంటా) కూడా అంతే.

విజయవాడ బస్టాండులో "ఇలా ఇవ్వండమ్మా" అని సంచీ అందుకుంటాం చూడండి, దానికి "దీయా ఆ మే". లేవదీసేటప్పుడు "సి అప్పోజ్జి ఆ మే", నన్ను ఆనుకోండి అని.

కృష్ణలంక:
పలికేటప్పుడు త, ద లను ట, డ చెయ్యొద్దు. ఒత్తు మింగొద్దు: "పోస్సో" కాస్తా "పోసో" అయితే "కింద పెడుతున్నాను" అని అర్థం. ఒట్టి "అయూతో!" అని గట్టిగా అంటే "కాపాడండి!" అన్నట్టు, ఇరుగుపొరుగు పరుగెత్తుకొస్తారు.

బ్రాడీపేట, గుంటూరు:
వద్దంటే?

అరండల్‌పేట:
"నో గ్రాత్సియే, ఫాచ్చో దా సోలా" అంటే "నేనే చేసుకుంటా" అని. మొహమాటానికి అంటోందనుకుని మనలా బతిమాలొద్దు. ఒక్కసారి "ఏ సికూరా?" (మగవాళ్లతో "సికూరో") అని ఆపేయాలి. "గ్రాత్సియే" అంటే "సి ఫిగూరి" అని జవాబు. కిందపడితే మాత్రం ఇవేవీ వద్దు, 112కి ఫోన్ చెయ్యడమే.

ఆవిడే "దియామోచి దెల్ తూ" అంటే "నువ్వు అనేసుకుందాం" అని. "తి" అప్పుడు వాడుకోవచ్చు.