అసలైన ఎస్-క్లాస్ ఏది? డబ్ల్యూ140 తర్వాత బెంజ్ దారి తప్పిందా?

నెకార్‌తీరం

నేను స్టట్‌గార్ట్ వచ్చి ఆరేళ్లయింది. మొన్న ఆదివారం మా బావమరిది హైదరాబాద్ నుంచి వస్తే బెంజ్ మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడ ముందు లిఫ్టులో పై అంతస్తుకి వెళ్లి, చుట్లు చుట్లుగా కిందికి దిగుతూ కార్లు చూడాలి. దిగుతున్నంతసేపూ మా ఇద్దరికీ ఒకటే వాదన. అది తేలలేదు కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

ఎస్-క్లాస్ అంటే బెంజ్ వాళ్ల ఖరీదైన పెద్ద కారు; డబ్ల్యూ140 లాంటివి దాని ఒక్కో తరానికి కంపెనీ పెట్టుకున్న కోడ్ నంబర్లు. నా మాట ఇది. ఇంజనీర్లు ఖర్చు చూడకుండా, తమకు సబబనిపించినట్టు చేసిన చివరి ఎస్-క్లాస్ 1991లో వచ్చిన డబ్ల్యూ140. ఆ తర్వాతవి మంచి కార్లే, కానీ రూపాయి రూపాయి లెక్క చూసుకుని చేసినవి.

తెలియనివాళ్ల కోసం వరస చెప్తాను. ఎస్-క్లాస్ అన్న పేరు అధికారికంగా 1972లో డబ్ల్యూ116తో మొదలైంది. అంతకుముందు 1959లో వెనక రెక్కలతో వచ్చిన 111, 1965లో వచ్చిన 108 కూడా ఇదే వంశం, పేరొక్కటే లేదు. 116 తర్వాత 1979లో 126, 1991లో 140, 1998లో 220, 2005లో 221, 2013లో 222, 2020లో 223.

మా వీధిలో ఒక పెద్దాయన 1994 నాటి ఎస్500 ఇప్పటికీ నడుపుతున్నారు. ఒకసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. తలుపు గట్టిగా వెయ్యబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. ఊరికే ఆనిస్తే చాలు, మిగతా వేలెడు దూరం అదే మెల్లగా లాక్కుని మూసుకుంటుంది. కిటికీ అద్దం రెండు పొరలు, మధ్యలో గాలి. ట్రాము పక్కనుంచే వెళ్తోంది, కనిపిస్తోంది, చప్పుడు మాత్రం లేదు. రివర్స్ గేరు వేయగానే వెనక రెండు మూలల్లోంచి రెండు చిన్న పుల్లలు లేచాయి, బండి కొస ఎక్కడుందో డ్రైవరుకి తెలియడానికి. ఇదంతా 1991 నాటి ఆలోచన! ఇదే తరంలో దీనికి పై మోడల్లో అయితే పన్నెండు సిలిండర్ల 6 లీటర్ల వీ12 ఇంజను, 408 హార్స్ పవర్.

తర్వాత 220 వచ్చింది. దాదాపు 300 కిలోలు తగ్గించారు. బరువు తగ్గిస్తే తప్పు లేదు, కానీ తుప్పు సంగతేమిటి? ఎస్-క్లాస్‌కి తుప్పు పట్టడమేమిటి? అదే 1998లో అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్‌తో కలిశారు. అక్కడే కథ అయిపోయిందని నా నమ్మకం. కాదంటారా?

రాజంపేటోడు

అన్నా, నేను కాదంటాను. కానీ మీరు ఆగిపోయిందన్న చోట కాదు, ఇంకో మెట్టు వెనక. అసలైన ఎస్-క్లాస్ 126. దారి తప్పింది 140 దగ్గరే.

మా నాన్న కువైట్‌లో ఇంటి డ్రైవరుగా చేశారు. మా వైపు ఇంటికొకరు వెళ్లినవాళ్లే. 1983లో వెళ్లారు, 1990 ఆగస్టులో ఇరాక్ వచ్చి పడ్డప్పుడు అన్నీ వదిలేసి అమ్మాన్ మీదుగా విమానంలో తిరిగొచ్చారు, మళ్లీ 1992లో వెళ్లారు. ముందు నడిపింది 126, రెండోసారి 140. రెండూ ఒకే ఇంటివి. కాబట్టి నేను చదివినది కాదు, చిన్నప్పట్నుంచీ విన్నది చెప్తున్నాను.

ఆయన 126 గురించి మొదట చెప్పేది డోరు మీదుండే స్విచ్చు. అది సీటు ఆకారంలోనే ఉంటుంది. స్విచ్చులో వీపు భాగాన్ని వెనక్కి నొక్కితే సీటు వీపు వెనక్కి, కింది భాగాన్ని పైకెత్తితే సీటు పైకి. "చదువు రానోడికి కూడా ఎవరూ చెప్పక్కర్లేదు" అంటారు. రెండోది చూపు. స్టీరింగు ముందు కూర్చుంటే నాలుగు మూలలూ తెలిసేవట. 140లో వెనక కొస కనపడదు, అందుకే ఆ పుల్లలు పెట్టాల్సి వచ్చింది. మీరు దాన్ని గొప్పగా చెప్తున్నారు, నాకైతే అది జబ్బుకి వేసిన మందులా కనిపిస్తుంది. 1995లో పార్కింగ్ సెన్సార్లు రాగానే ఆ పుల్లలు తీసేశారు కూడా.

ఇంకో సంగతి. జర్మనీ ఉత్తరాన జూల్ట్ అనే దీవికి కార్లను రైలు మీద ఎక్కించి తీసుకెళ్తారు. డబ్బున్నవాళ్లు సెలవులకి వెళ్లే చోటు. కొత్త ఎస్-క్లాస్ వెడల్పుకి ఆ రైలెక్కడం కుదరడం లేదని అక్కడి పత్రికలు అప్పట్లో గోల గోల చేశాయి. కొనేవాళ్లు వెళ్లే ఊరికే వెళ్లలేని కారు!

ఎందుకిలా అయిందంటే, 126ని గీసింది 1973 చమురు సంక్షోభం తర్వాత. పెట్రోలు దొరకని రోజులు చూసినవాళ్లు చేసిన కారు. గాలిని కోసుకుపోయేలా, అనవసరమైన బరువు లేకుండా, బెంజ్ డిజైనర్ బ్రూనో సాకో బృందం గీసింది. 140ని తయారుచేసింది 1980ల నడుమ, డబ్బు పొంగుతున్న రోజుల్లో. బజారులోకి వచ్చేసరికి రోజులు మారిపోయాయి. 126 సెడాన్లు 8 లక్షల పైచిలుకు తయారయ్యాయి. 140 అందులో సగమే.

నెకార్‌తీరం

తమ్ముడూ, నాన్నగారి అనుభవం ముందు నేను మాట్లాడలేను. కానీ 140 అంత పెద్దది కావడానికి పొగరొక్కటే కారణం కాదు. 1987లో బీఎండబ్ల్యూ 750ఐ అని వీ12 తెచ్చింది. 1989లో టయోటా లెక్సస్ ఎల్ఎస్400 తెచ్చింది, అమెరికాలో 35 వేల డాలర్లకే, కూర్చుంటే ఇంజను నడుస్తోందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా. ఇద్దరి మధ్యా నలిగినవాడు ఇద్దరినీ దాటాలనే చూస్తాడు కదా. ఇక అమ్మకాల లెక్క కొలత కాదు. 126 పన్నెండేళ్లు అమ్మారు, 140 ఏడేళ్లే.

బోయిన్‌పల్లి_గ్యారేజీ

ఇద్దరికీ నమస్కారం. నేను పాతికేళ్లుగా పాత జర్మన్ బండ్ల పని చేస్తున్నాను. మీరిద్దరూ కూర్చునే చోటు నుంచి మాట్లాడుతున్నారు, నేను బానెట్ కింద నుంచి చెప్తాను.

"ఖర్చు చూడకుండా చేశారు" అంటే "చెడిపోదు" అని కాదు. 140 తొలి ఏళ్ల బండ్లలో ఇంజను వైరింగు పై తొడుగు వేడికి పొడిపొడిగా రాలిపోతుంది. ఇది ఒక్కరి బండి సంగతి కాదు, ఆ కాలపు బెంజ్‌లు తెలిసిన ఏ మెకానిక్కుని అడిగినా చెప్తాడు. ప్రకృతికి మంచిదని త్వరగా మట్టిలో కలిసే పదార్థం వాడారు, అది బండిలోనే కలిసిపోయింది. దాదాపు రెండు టన్నుల బండి కాబట్టి బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ బుష్‌లు కూడా తొందరగా అరుగుతాయి.

మరి 220ని వెనకేసుకొస్తానా? తుప్పు మాట నిజమే. దాని ఎయిర్ సస్పెన్షన్ పాడవుతుందని జనం అనే మాట కూడా. కానీ గాలి సంచుల మీద నిలబడే ఏ బండికైనా వయసైతే ఆ గతి తప్పదు. రాత్రి నిలబెట్టిన బండి పొద్దున్నే నేలకి ఆనుకుని ఉంటుంది. దాన్ని చూసి బండే దండగ అనేస్తారు. కంప్రెసరు కాలిపోకముందే లీకు పట్టుకుంటే పదేళ్లు నడుస్తుంది.

ఇంకొకటి, క్రైస్లర్ మీద నింద వెయ్యకండి. ఆ కలయిక ప్రకటించింది 1998 మే నెలలో. 220 జనం ముందుకొచ్చింది అదే ఏడాది, కొద్ది నెలలకే. ఒక కారు గీసి, పరీక్షించి, అచ్చులు తయారుచెయ్యడానికి ఏళ్లు పడుతుంది. కొత్త సంబంధం కలిసేనాటికి పిల్ల పుట్టేసింది.

నన్నడిగితే చేతికి లొంగే బండి 126. పానాలు చాలు, లాప్‌టాప్ అక్కర్లేదు.

ఎముకల_డాక్టర్

నేను కార్ల మనిషిని కాదు. సూర్యాపేటలో ఎముకల డాక్టరుని. హైవే పక్క ఊరు కాబట్టి రోజూ రాత్రి మా దగ్గరికి వచ్చేది ఆ రోడ్డు మీద దెబ్బతిన్నవాళ్లే. మా తమ్ముడు ఈ చర్చ చూపిస్తే రాయకుండా ఉండలేకపోయాను.

మీరందరూ తలుపు చప్పుడు, అద్దం మందం కొలుస్తున్నారు. నేను వేరే కొలత పెడతాను. ఏ తరంలో మొదలైన ఏ వస్తువు మా రోగుల బండ్లదాకా వచ్చింది?

1959 నాటి 111ని చూడండి. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగిపోయి, మనుషులున్న గది మాత్రం నిలబడాలన్న బెంజ్ ఇంజనీరు బేలా బారెన్యీ ఆలోచన ఆ కారులోకి వచ్చింది. అప్పటిదాకా బండి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకునేవాళ్లు. బండి వంగకపోతే ఆ దెబ్బంతా లోపలి మనిషి ఎముకలకి చేరుతుంది. నేను చూసేది అవే ఎముకలు. 1978లో 116లోకి ఏబీఎస్ వచ్చింది, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది. 1981లో 126లోకి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్. 1995లో 140 కూపే, అంటే రెండు తలుపుల రకంలోకి ఈఎస్పీ, అంటే బండి జారబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో పెట్టేది. 2002లో, మీరు తిట్టే ఆ 220లోనే, ప్రీ-సేఫ్. గుద్దుకోబోతోందని కారు ముందే పసిగట్టి బెల్టులు బిగిస్తుంది, సీటు సర్దుతుంది, సన్‌రూఫ్ మూస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బైకులకి ఏబీఎస్ తప్పనిసరి. అదే ఏడాది జులై నుంచి ప్రతి కారుకీ డ్రైవరు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. అంటే 116లో ఉన్నది మన కుర్రాళ్ల బైకు మీదకి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. నాకు బాధ అక్కడ. ఏ తరం గొప్పదన్నది కాదు, ఆ గొప్పదనం ఎన్నేళ్లకి కిందికి దిగిందన్నది.

140 గట్టిదనం మాటకొస్తే, 1997 ఆగస్టు 31న పారిస్ సొరంగంలో డయానా ప్రయాణించింది 140లోనే, ఎస్280లో. నలుగురిలో ఒక్కరూ బెల్టు పెట్టుకోలేదని దర్యాప్తు తేల్చింది. మందం అద్దాలు, రెండు టన్నుల ఉక్కు, వెనక సీటు హుందాతనం, ఇవేవీ ఒక్క బెల్టు పని చెయ్యలేవు. మన దగ్గర వెనక సీట్లో బెల్టు పెట్టుకునేవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

ట్రాయ్_మిషిగన్

డాక్టరుగారూ, మీ కొలత నాకు నచ్చింది. ఒక్క సవరణ. వీటిలో చాలావాటికి బెంజ్ మొదటిది కాదు. నేనుండే డెట్రాయిట్ వైపు పాత ఇంజనీర్లు ఇది వింటే ఊరుకోరు. 1971లోనే క్రైస్లర్ తన ఇంపీరియల్ కారుకి నాలుగు చక్రాల ఎలక్ట్రానిక్ యాంటీ-స్కిడ్ బ్రేకులు, అంటే ఏబీఎస్ లాంటివే, ఇచ్చింది. 1973లో జనరల్ మోటార్స్ ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడోలో ఎయిర్‌బ్యాగ్ పెట్టింది. కొనేవాళ్లు లేక 1976 తర్వాత ఆపేసింది.

కాబట్టి కనిపెట్టిన ఘనత బెంజ్‌వాళ్లకి కట్టబెట్టకండి. కానీ పట్టు విడవని ఘనత మాత్రం ఇవ్వాలి. మావాళ్లు మొదలుపెట్టి వదిలేశారు, వాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి నిలబెట్టారు.

ఒకటి మీ వాదనకే బలం. 1997 అక్టోబరులో స్వీడన్‌లో ఒక పత్రికవాళ్లు బెంజ్ కొత్త చిన్న కారు ఏ-క్లాస్‌ని దుప్పి అడ్డమొచ్చినట్టు స్టీరింగు తిప్పి పరీక్షిస్తే అది బోల్తా పడింది. పెద్ద గొడవైంది. దాంతో ఆ చిన్న కారు మొత్తానికీ ఈఎస్పీ తప్పనిసరిగా పెట్టారు. ఎస్600 కూపేలో 1995లో మొదలైంది రెండేళ్లలో వాళ్ల చిన్న కారులోకి దిగింది. అంటే దింపాలనుకుంటే నలభై ఏళ్లు అక్కర్లేదు.

నెకార్‌తీరం

డాక్టరుగారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. క్రైస్లర్ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను, గ్యారేజీ అన్న చెప్పింది నిజం. 220ని తీసిపారేసిన మాట కూడా.

140 మీద ఇష్టం మాత్రం పోలేదు. నా బాధ ఇప్పటి 223 గురించి. వెనక చక్రాలు 10 డిగ్రీల దాకా తిరుగుతాయి, అంత పొడుగు బండి ఇరుకు సందులో చిన్న కారులా మళ్లుతుంది, అది నిజమైన ఇంజనీరింగే. వెనక సీటువాళ్లకి ముందు నుంచి ఎయిర్‌బ్యాగ్ కూడా ఇచ్చారు. కానీ ఏసీ తగ్గించాలన్నా తెర మీద వేలు పెట్టాలి. తమ్ముడి నాన్నగారు చెప్పిన ఆ సీటు స్విచ్చు ఎక్కడ, ఈ గాజు పలక ఎక్కడ? రోడ్డు మీంచి కన్ను తీయకుండా వాడగలగడం కూడా భద్రతే కదా.

బోయిన్‌పల్లి_గ్యారేజీ

అక్కడ నేను మీతోనే. గుండీ పాడైతే గుండీ మారుస్తాం. తెర పాడైతే మొత్తం మార్చాలి. పుణె దగ్గర చాకన్‌లో ఇక్కడే బిగిస్తున్నా, ఆ విడిభాగం ధర విన్న ఓనరు ముఖం చూడలేం. 223 ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా బాగుచేసుకుని నడపగలరా అన్నది నాకు అనుమానమే. 126ని ఇప్పటికీ నడుపుతున్నాం.

రాజంపేటోడు

నిన్న రాత్రి ఈ చర్చంతా నాన్నకి చదివి వినిపించాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. రెండింట్లో ఏదైనా ఒకటి మళ్లీ ఇస్తే ఏది నడుపుతావని అడిగాను. తడుముకోకుండా 126 అన్నారు. ఎండాకాలం ఎడారిలో మధ్యాహ్నం రెండింటికి కూడా ఏసీ ఆగలేదట, ఎన్నడూ రోడ్డు మీద నిలబెట్టలేదట.

డాక్టరుగారి మాట గుర్తొచ్చి, వెనక కూర్చునేవాళ్లు బెల్టు పెట్టుకునేవాళ్లా అని కూడా అడిగాను. లేదన్నారు. పిల్లలు సీటు మీద నిలబడే ఉండేవాళ్లట, అందుకే ఆయన ఎప్పుడూ బ్రేకు మెల్లగా వేసేవారట.

మరి వెనక సీటు ఏ బండిలో బాగుండేదని అడిగితే, కాసేపు మాట్లాడలేదు. "అది నాకు తెలియదు రా. పదిహేనేళ్లు తుడిచాను గానీ, ఒక్కరోజు కూడా వెనక కూర్చోలేదు" అన్నారు.